ట్రక్కుకు ఏ టైరైతేనేం?

"ట్రక్కుకేముందిలే, ఏ టైరైతేనేం!"

మా పర్చూరు ప్రాంతంలో ఈ మాట వినని వారుండరు. పత్తి, మిరప, పొగాకు పండించే ఈ నల్లరేగడి నేలలో ట్రాక్టరు లేని వీధి లేదు. ట్రాక్టరు వెనుక ట్రక్కు తప్పదు. తెలంగాణ మిత్రులు దానిని ట్రాలీ అంటారు. మా వైపు అది ట్రక్కే. చదువరులు లారీ అని పొరబడవద్దని మనవి. ట్రాక్టరుకు టైరు కొనవలసి వచ్చినప్పుడు మా రైతు నలుగురిని అడుగుతాడు, చిలకలూరిపేట వెళ్తాడు, గుంటూరు వెళ్తాడు, పేరున్న కంపెనీ ఏదో విచారిస్తాడు, బేరమాడి బిల్లు తీసికొంటాడు. అదే మనిషి ట్రక్కు దగ్గరకు వచ్చేసరికి లారీవాడు వదలివేసిన టైరును, ఊరూ పేరూ తెలియని రబ్బరు పూతను, ఒక చక్రానికొక రకాన్ని బిగించి, పై మాట అనేసి చేతులు దులుపుకొంటాడు. ఆ మాటను ఖండించడానికే ఈ వ్యాసం.

జీవితమంతా సంధులు, సమాసాలు చెప్పుకొన్నవాడికి టైర్ల గొడవ ఎందుకని కొందరు మిత్రులు నవ్వుతారని తెలుసును. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత కూడా వేస్తారు. నా సమాధానం ఒక్కటే. మాటకు అర్థం చూడడం నా వృత్తి. "ఏ టైరైతేనేం" అన్న వాక్యానికి అర్థం విప్పితే, "ఆ ట్రక్కులో ఎవరుంటేనేం" అన్నది బయటపడుతున్నది. వాక్యం చెప్పిన వారికి ఆ అర్థం తెలియకపోవచ్చును. తెలియజెప్పడం ఉపాధ్యాయుని పని. ఉద్యోగ విరమణతో ఆ పని ముగిసిపోదు.

ముందుగా చట్టం ఏమంటున్నదో చూద్దాము. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో ట్రాక్టరుకు ఒక నిర్వచనమున్నది: తాను స్వయంగా బరువు మోయడానికి నిర్మించబడనిది ట్రాక్టరు. మోటారు వాహనమనే మాటను నిర్వచించినచోట ట్రెయిలరు కూడా అందులో చేరుతుందని అదే చట్టం చెప్పినది. అంటే మోటారు లేని మన ట్రక్కు చట్టం దృష్టిలో మోటారు వాహనమే. వ్యాకరణం చదివినవాడికి ఇది మొదట వింతగా తోచినా, ఆలోచిస్తే ఎంత సబబో తెలుస్తుంది. లాగేది ఒకటి, మోసేది వేరొకటి. బరువంతా మోసే దానికి బాధ్యత కూడా ఉండాలి గదా! 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 94వ నియమం టైర్ల స్థితిని గురించినదే. లోపలి నూలుపొర బయటపడిన టైరు, ఒకచోట ఉబ్బిన టైరు పనికిరావని, ద్విచక్ర, త్రిచక్ర వాహనాలు కాక తక్కిన వాటికి గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని ఆ నియమం చెబుతున్నది. మన ఊళ్ళలో తిరిగే ట్రక్కులలో ఎన్ని ఈ పరీక్షకు నిలుస్తాయో ఎవరి వాకిట్లో వారు వంగి చూచుకోవచ్చును.

ఇక లెక్కకు వద్దాము. మిరప టిక్కీ ఒక్కొక్కటి 40 కిలోలనుకొని, నూరు టిక్కీలు వేస్తే 4 టన్నులు. ఖాళీ ట్రక్కు బరువు టన్నున్నర అనుకొందాము. మొత్తం 5,500 కిలోలు. నాలుగు చక్రాల ట్రక్కయితే ఒక్కొక్క టైరు మీద 1,375 కిలోలు. ఇది చదును నేల మీద, సరుకు సమంగా సర్దినప్పటి మాట. మన రోడ్లకు వాలు ఉంటుంది, గుంటలు సరేసరి, పైగా ఒక పక్కకు ఎత్తుగా పేర్చడం మనకు అలవాటు. వాలు పక్కనున్న టైరు తన వాటాను మించి మోస్తుంది. రెండు చక్రాల ట్రక్కయితే కొంత బరువు ట్రాక్టరు కొక్కెం మీద పడినా, మిగిలినదంతా రెండే రెండు టైర్లు మోయాలి. లారీకి వెనుక ఇరుసున ఒక్కొక్క పక్క జంట టైర్లుంటాయి. ఒకటి పేలినా రెండవది కాసేపు ఆదుకొంటుంది. మన ట్రక్కుకు ఆ ఆసరా లేదు. ఒక టైరు పేలితే ఆ పక్క ఒరగడమే. పత్తి బోరేలను మిద్దె ఎత్తున పేర్చిన ట్రక్కు ఒరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

"మెల్లగా పోయేదే గదా, దానికి కొత్త టైరెందుకు?" ఇది మొదటి వాదం. వేగం తక్కువైతే ప్రమాదం తగ్గుతుందన్నది కొంతవరకు నిజమే. కాని టైరును చంపేది వేగమొక్కటే కాదు. బరువు, చాలని గాలి, ఎండ, వయస్సు కూడా. తిరిగే టైరు నేలను తాకినచోట నొక్కుకొని, పైకి లేవగానే మరల సాగుతుంది. ప్రతి చుట్టుకూ ఈ నలుగుడు తప్పదు. నలిగినప్పుడల్లా రబ్బరు వేడెక్కుతుంది. గాలి తక్కువైతే, బరువు ఎక్కువైతే నలుగుడు పెరుగుతుంది. రబ్బరు వేడిని త్వరగా వదలదు. దీనికి మన వేసవి తోడు. మిరపకాయలు గుంటూరు యార్డుకు ముమ్మరంగా చేరేది ఫిబ్రవరి మొదలు ఏప్రిల్ వరకు. చివరి రోజులలో తారురోడ్డు పెనమై ఉంటుంది. ఆ రోడ్డు మీద పాత టైరు, చాలని గాలి, మించిన బరువు. ఆసియాలోకెల్లా పెద్ద మిర్చియార్డు మనదని గర్వపడుతున్నాము, సంతోషమే. అక్కడికి సరుకు చేర్చే చక్రం మాత్రం ఎక్కడి చెత్తకుప్పలోనిదో అడగము.

"ఏడాదికి మూడు నాలుగు నెలలే గదా తిరిగేది!" ఇది రెండవ వాదం. ఇది నిజానికి మన పక్షం వాదం కాదు, ఎదుటి పక్షానిది. తిరగని టైరు చెడదని ఎవరు చెప్పినారు? మిగిలిన ఎనిమిది నెలలు ట్రక్కు ఎక్కడ ఉంటుంది? కల్లం గట్టున, ఎండలో, వానలో, గాలి దిగిన టైర్ల మీద, ఒకేచోట కూలబడి ఉంటుంది. ఎండకు, గాలిలోని ఓజోనుకు రబ్బరు గట్టిపడి చిట్లుతుంది. టైరు పక్కగోడ మీద కనబడే సన్నని పగుళ్ళు అవే. గాడి అరగలేదు గనుక టైరు కొత్తదే అనుకోవడం, పళ్ళు ఊడలేదు గనుక తాతగారు కుర్రవాడే అనుకోవడం వంటిది. టైరుకు రెండు ఆయుర్దాయాలు. ఒకటి అరుగుదలను బట్టి, రెండవది పుట్టిన తేదీని బట్టి. లారీ టైరు మొదటి దానితో పోతుంది. ట్రక్కు టైరు రెండవ దానితో పోతుంది.

"డబ్బు ఎక్కడిది?" ఇది మూడవ వాదం, దీనిని మాత్రం నేను ఎగతాళి చేయను. కౌలు కట్టి, అప్పు తెచ్చి, పురుగుమందుల బాకీ నెత్తిన పెట్టుకొన్న రైతును పట్టుకొని కొత్త టైర్లు కొనవయ్యా అనడం సులువు. అయితే ఒక విషయం గమనించాలి. పర్చూరు పరిసరాలలో ట్రక్కు కలవారందరూ కౌలురైతులు కారు. బాడుగకు తిప్పేవారే ఎక్కువ. ట్రిప్పుకింతని రొక్కం పుచ్చుకొనేవారు అందులో ఒక పాలు టైరుకు తీసిపెట్టకపోవడానికి పేదరికం కారణం కాదు. ఇక సరుకు విలువ చూడండి. క్వింటాలు పదివేలే అనుకొన్నా 40 క్వింటాళ్ళు 4 లక్షలు. నాలుగు లక్షల సరుకును వదలివేసిన టైరు మీద పెట్టి పంపేవాడిని పొదుపరి అనలేము. ఆ పొదుపుకు ఒక్క పేలుడు చాలు. తరువాత చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్టే.

ఇంతవరకు సరుకు మాట. సరుకు పోతే మరల పండించుకోవచ్చును. ట్రక్కులో వెళ్ళేది సరుకొక్కటే కాదన్నదే నా అసలు బాధ. మిరపకోతలు మొదలైతే తెల్లవారుజామున ప్రతి ఊరి నుండి కూలీలు ట్రక్కులెక్కుతారు. కర్నూలు వైపు నుండి కుటుంబాలకు కుటుంబాలు వలస వచ్చి కోతలకు వెళ్తాయి. నేను పాఠం చెప్పిన పిల్లలలో సగం మంది తల్లులు అలా వెళ్ళినవారే. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు కాలువలో పడి పదిహేనుమంది పోయినారు. 2020 మే 14న మన నాగులుప్పలపాడు మండలంలో మిరపకోత ముగించుకొని ఇంటికి వస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొని, తీగ పడి, తొమ్మిదిమందికి తక్కువ కాకుండా చనిపోయినారు. ఈ రెండూ టైరు వలన జరిగినవని నేననడం లేదు. ట్రక్కులో మనుషులుంటారన్న సంగతి గుర్తుచేయడానికే చెప్పినాను. సరుకు ట్రక్కులో మనుషులను ఎక్కించరాదు, అది నిజం. ఎక్కిస్తున్నాము, అదీ నిజమే. రెండవ నిజం ఉన్నంతకాలం టైరు మాటకు వేళాకోళం తగదు.

మన పెద్దలు బండి చక్రం విషయంలో ఇంత నిర్లక్ష్యంగా ఉన్నవారు కారు. చక్రానికి నల్లతుమ్మ కఱ్ఱ ఎంచేవారు. ఆకులు, పూటీలు బిగువుగా కూర్చి, ఇనుప కమ్మిని ఎఱ్ఱగా కాల్చి ఎక్కించి, నీళ్ళు పోసి బిగింపజేసేవారు. ఇరుసుకు కందెన వేయకుండా బండి కట్టేవారు కారు. 1888లో డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల బండి కొఱకు గాలి టైరు చేసినాడు. తరువాత అది మన ఊళ్ళకు టైరుబండిగా వచ్చినది. ఎడ్ల మెడకు సుఖం కలిగినది. కాని చక్రాన్ని ఎంచే కన్ను ఆ దారిలో ఎక్కడో జారిపోయినది. కఱ్ఱను కొట్టి చూచి, నాదాన్ని బట్టి మంచిచెడ్డలు చెప్పిన వారి మనుమలు టైరు మీద అచ్చుపోసిన అంకెలను చదవడం లేదు. చదువు పెరిగిన కాలంలో ఇది చిత్రం!

ఆ అంకెలేమిటో చెబుతాను. పదవ తరగతి పిల్లవాడైనా చదవగలడు.

మొదటిది కొలత. మన ట్రక్కులకు సాధారణంగా కనబడే కొలతలలో 9.00-16 ఒకటి. చక్రపు రిమ్ముకు ఏ కొలత చెప్పినారో అదే వేయాలి. "కొంచెం అటూ ఇటూ పడుతుందిలే" అన్న దుకాణదారు మాట వినరాదు.

రెండవది ప్లై రేటింగు. టైరు మీద 14 పి.ఆర్., 16 పి.ఆర్. అని ఉంటుంది. దీని కథ పత్తి పండించే మనకు ప్రీతికరమైనది. తొలినాళ్ళలో టైరు లోపలి పొరలు నూలుతోనే నేసేవారు. ఎన్ని నూలు పొరలుంటే అంత బలం. తరువాత రేయాన్, నైలాన్ వచ్చినవి. తక్కువ పొరలతోనే ఆ బలం సాధ్యమైనది. పొరలు తగ్గినా లెక్క మాత్రం నూలు భాషలోనే మిగిలినది. 16 పి.ఆర్. అంటే లోపల పదహారు పొరలున్నాయని కాదు. పదహారు నూలు పొరల బలంతో సమానమని. పత్తి ఆ టైరులో లేకపోయినా దాని కొలమానంగా నిలిచినది. ఇది తెలియనివాడికి దుకాణదారు పొరలు లెక్కపెట్టి చూపుతానంటాడు.

మూడవది బరువు సూచిక, దాని పక్కనే వేగపు గుర్తు. 121 అని ఉంటే ఒక్క టైరు 1,450 కిలోలు మోయగలదని అర్థం; 130 అంటే 1,900 కిలోలు. ఏ8 అన్నది గంటకు 40 కిలోమీటర్ల వేగానికి గుర్తు. ఏ6 అన్నది 30కి. నేను పైన వేసిన లెక్కలో నాలుగు చక్రాల ట్రక్కుకు ఒక టైరు మీద 1,375 కిలోలు పడినవి. 121 సూచిక గల టైరుకు మిగిలేది 75 కిలోలు. రెండు టిక్కీల ఎడం కూడా లేదు. ఆ టైరు మీద నూరు కాక నూటయిరవై టిక్కీలు వేసి, ఈనాటి కుర్రవాళ్ళు నడిపే వేగంతో చిలకలూరిపేట దాటి జాతీయ రహదారి ఎక్కితే, తప్పు టైరు కంపెనీదా?

నాలుగవది పుట్టిన తేదీ. చాలా టైర్ల పక్కగోడ మీద నాలుగంకెలు కలిసి ఉంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 3523 అంటే 2023లో ముప్పైయైదవ వారం. మా బంధువొకరు దగ్గరి పట్టణంలోని ఒక దుకాణంలో టైరు తెచ్చి చూపినాడు. గాడులు లోతుగా ఉన్నాయి, రంగు నిగనిగలాడుతున్నది. అంకెలు చదివితే దాని వయస్సు తొమ్మిదేళ్ళు. గాడి అంచులు చేతితో తడిమితే కత్తి గాట్లు తగిలినవి. అరిగిన టైరును చెక్కి, నల్లరంగు పూసి అమ్మినారు. చెక్కినకొద్దీ లోపలి పొర మీద రబ్బరు పలచబడుతుంది. పైన పటారం, లోన లొటారం అన్నది ఇదే. అతడు తిరిగి వెళ్ళి అడిగితే, "ట్రక్కుకే గదండీ!" అన్నాడట ఆ దుకాణదారు. చూచినారా, మన మాటనే మనకు అమ్మినాడు!

ఇక రీట్రెడింగు సంగతి. నేను దానికి శత్రువును కాను. ఆర్టీసీకి స్వంత రీట్రెడింగు షాపులున్నాయి. విమానాల టైర్లకు కూడా రీట్రెడింగు చేస్తారు. కాని అక్కడ పాత టైరు లోపలి దేహాన్ని పరీక్షించి, పనికిరానిదానిని పక్కన పడవేస్తారు. మన సందులలో ఆ పక్కన పడవేసినదానికే పూత వేస్తారు. భేదమంతా పరీక్షలోనే ఉన్నది. కొత్తది కొనలేని రైతు పరీక్షించి, బిల్లు వ్రాసి, ఎవరు చేసినారో చెప్పగల చోట రీట్రెడింగు టైరు తీసికొంటే నాకు అభ్యంతరం లేదు; అతడు సరుకు కొంచెం తగ్గించి వేసికొంటే మరీ మంచిది.

గాడుల తీరును కూడా చూడాలి. ట్రాక్టరు వెనుక టైరుకు ఏటవాలు గట్లుంటాయి. అవి మట్టిని పట్టి లాగడానికి. ట్రక్కు చక్రం లాగేది కాదు, లాగబడేది. దానికి చుట్టూ సాగిన నిలువు గీతల టైరు తగును, తిన్నగా దొర్లుతుంది. ఒకే ఇరుసున ఒక పక్క రేడియల్, ఒక పక్క మామూలు నైలాన్ టైరు వేయరాదు. కొత్త టైరులో పాత ట్యూబు వేయడం కూడా పొదుపు కాదు. సాగిన ట్యూబు లోపల మడత పడి చిరుగుతుంది. పొలంలో పత్తిమోళ్ళు, కందిమోళ్ళు గునపాలవలె నిలబడి ఉంటాయి. కొట్టేసిన చేలో ట్రక్కు తిప్పిన ప్రతిసారి టైరును చుట్టూ చూచుకోవాలి. గాలిని గుద్ది చూచి తేల్చరాదు. కొలత గొట్టంతో, బయలుదేరక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. దారిలో వేడెక్కి ఒత్తిడి పెరిగినదని గాలి తీయరాదు. సీజను అయిపోయిన తరువాత ఇరుసు కింద దిమ్మెలు పెట్టి చక్రాలను నేల నుండి లేపి, ఎండ పడకుండా ఏదైనా కప్పాలి. దీనికి ఖర్చు ఎంత? నాలుగు దిమ్మెలు, ఒక పాత పట్టా.

మా ఊరు మొదట గుంటూరు జిల్లా, 1970 నుండి ఒంగోలు జిల్లా, 1972లో దానికి ప్రకాశం పేరు, 2022 నుండి బాపట్ల జిల్లా. జిల్లాలు మారినా ట్రక్కుల టైర్లు మారలేదు. అధికారులు తనిఖీ చేయాలని కోరవచ్చును, కోరుతున్నాను కూడా. కోతల కాలంలో యార్డు గేటు దగ్గర ఒక్క మనిషి నిలబడి టైర్లు చూచినా సగం మార్పు వస్తుంది. వ్యాపారి సరుకు తేమ చూస్తాడు, రంగు చూస్తాడు, తాలుకాయ ఏరి చూపుతాడు. సరుకును తెచ్చిన చక్రాన్ని ఎవరూ చూడరు. కూలీలను పిలిచే మేస్త్రీలు కూడా ఇది అడగవలసినదే. కూలి ఎంతని బేరమాడేవారు, ఏ ట్రక్కులో పంపుతారని, దాని టైర్లెలా ఉన్నాయని అడిగితే తప్పేమున్నది? అడిగే హక్కు ఎక్కేవారిది.

కోతలు మొదలయ్యేలోగా మీ వాకిట్లో ఉన్న ట్రక్కు పక్కన ఒక్కసారి కూర్చుని, టైరు మీద మట్టి తుడిచి, ఆ నాలుగంకెలు చదవండి. కన్ను ఆనకపోతే బడికి వెళ్ళే పిల్లవాడిని పిలిచి చదివించండి. వాడికి లెక్కా వస్తుంది, ఇంట్లో ఎవరు ఏ ట్రక్కెక్కుతున్నారో కూడా తెలుస్తుంది.

స్వస్తి.